మేనల్లుడి సివిక్‌కు ఇంకో ముప్పై హార్స్ పవర్ ఎందుకు?

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. పోయిన ఏడాది 2018 మోడల్ హోండా సివిక్ ఎస్‌ఐ కూపే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొన్న వారానికే వాట్సాప్‌లో నాకో లిస్టు పంపాడు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, డౌన్‌పైప్, పెద్ద ఇంటర్‌కూలర్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం), కారును రెండంగుళాలు దించే స్ప్రింగులు, 19 అంగుళాల అల్లాయ్ వీల్స్. "అన్నీ కలిపితే ఇంకో ముప్పై హార్స్ పవర్ వస్తుంది మామా, ఏది ముందు చేయించమంటావు?" అని కింద ప్రశ్న.

"టైర్లు, బ్రేక్ ఆయిల్, అలైన్‌మెంట్. మిగతావి తర్వాత చూద్దాం" అన్నాను. "నువ్వు కూడా మా నాన్నలాగే మాట్లాడుతున్నావు" అన్నాడు. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఖాళీ హైవే మీద కూడా నలభై దాటని మనిషి. నాకు కాస్త గట్టిగానే తగిలింది. అందుకే ఇంత పొడుగు జవాబు.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల గుద్దుకున్న కార్లను చూసి, ఏది విరిగింది, ఎందుకు విరిగింది, బాగుచేయడానికి ఎంతవుతుంది అని రిపోర్టు రాయడం నా పని. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు, పలమనేరు దారిలో మొగిలి ఘాటు, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాటు, వీటి మీద దెబ్బతిన్న బండ్లు షెడ్డుకు చేరాక నేను పోతాను. పికప్ చాలక గుద్దుకున్న కారు ఇంతవరకు నా ముందుకు రాలేదు. నున్నగా అరిగిన టైర్లతో వానలో జారినవి వస్తాయి. బ్రేకు పట్టక ముందున్న లారీ కిందికి దూరినవి వస్తాయి. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు మోసే ట్రాక్టర్లు రాత్రిపూట వెనక లైటు లేకుండా పోతుంటాయి కదా, వాటిని ఆఖరి క్షణంలో చూసి స్టీరింగ్ కోసి, కారు తమ మాట వినక పల్టీ కొట్టినవాళ్లు ఉంటారు. వీళ్లలో ఎవరికీ ఇంకో ముప్పై హార్స్ పవర్ పనికొచ్చేది కాదు.

అలాగని స్పీడంటే పడని మనిషినేం కాదు. నా దగ్గరున్నది పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 లీటర్ల టర్బో, 105 హార్స్ పవర్. 2022లో ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో పోలోను ఆపేసినప్పుడు ఇంట్లో ఎవరో పోయినట్టు బాధపడ్డవాళ్లలో నేనొకణ్ణి. కారును మెరుగుపరచకూడదని నేను అనడం లేదు. డబ్బు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే తగాదా. నేలను తాకే చోట మొదలుపెట్టి పైకి రావాలనీ, ఇంజిన్ దగ్గరికి చిట్టచివర చేరాలనీ నా వాదన. మా వాడు, వాడిలాంటి కుర్రాళ్లు నూటికి తొంభై మంది, బానెట్ తెరిచి అక్కణ్ణుంచి మొదలుపెడతారు.

వాడి కారు సంగతే తీసుకుందాం. ఈ ఎస్‌ఐ కూపే మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజిన్, 205 హార్స్ పవర్, 260 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. కారు బరువు సుమారు 1,300 కిలోలు. టర్బో పీడనం కంపెనీ నుంచే 20.3 పీఎస్‌ఐ ఉంటుంది, మామూలు సివిక్ టర్బో కంటే ఎక్కువ. వీటన్నిటికంటే విలువైన వస్తువు ముందు చక్రాల మధ్య ఉంది, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం మీద బరువు తగ్గి అది ఊరికే తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే బలమంతా ఆ తిరిగే చక్రానికే పోయి వృథా అవుతుంది. దీంట్లో అయితే బయటి చక్రానికి మళ్లి కారును మలుపులోంచి లాగేస్తుంది. దాంతోపాటు నడుస్తుండగానే గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు కూడా ఇచ్చారు. 2020 మోడల్‌తో సివిక్‌లో రెండు తలుపుల బండినే హోండా ఆపేసింది. అంటే మా వాడి చేతిలో ఉన్నది ఇక రాని బండి.

ఇంత చేసిన కంపెనీ ఆ కారుకు మామూలుగా తొడిగింది ఆల్ సీజన్ టైర్లు. చలికాలంలో మంచు మీద, వానలో, ఎండలో, అన్నిట్లోనూ పనికిరావాలని చేసిన రబ్బరు అది. అన్నిట్లోనూ పనికొస్తుంది, పొడి రోడ్డు మీద పట్టు మాత్రం కొంత వదులుకోవాలి. సమ్మర్ టైర్లు కావాలంటే అదనంగా డబ్బు కట్టి తీసుకోవాలి. వాడు కొన్న బండికి ఉన్నవి ఆల్ సీజనే, అదీ మూడొంతులు అరిగినవి. ఫోటోలో అంచు చూస్తేనే తెలుస్తోంది.

ఇక్కడ లెక్క చూపిస్తేనే గాని వాడు వినడు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు గట్టిగా బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు పట్టు మీద ఆధారపడుతుంది. పట్టు (రాపిడి గుణకం) 0.85 ఉన్న టైరుతో సుమారు 46 మీటర్లలో ఆగుతుంది. పట్టు 1.0 ఉన్న మంచి టైరుతో 39 మీటర్లలో ఆగుతుంది. ఏడు మీటర్ల తేడా, కారున్నర పొడవు, ఏముందిలే అనిపిస్తుంది. దాన్నే ఇంకో వైపు నుంచి చూడండి. మంచి టైర్ల కారు పూర్తిగా ఆగిపోయిన ఆ 39 మీటర్ల దగ్గర, రెండో కారు ఇంకా గంటకు 39 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. ముందు ట్రాక్టరు ఉంటే ఆ 39 తోనే గుద్దుతుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడానికీ, నాలాంటివాడు ఫైలు పట్టుకుని రావడానికీ ఆ మాత్రం వేగం సరిపోతుంది.

అదే పట్టు మలుపులోనూ పనిచేస్తుంది, కదిలేటప్పుడూ పనిచేస్తుంది. ఉన్న 205 హార్స్ పవర్‌కే మొదటి గేరులో చక్రాలు గిర్రున తిరిగిపోతున్నాయని వాడే చెప్పాడు. దానికి ఇంకో ముప్పై కలిపితే పొగ ఇంకాస్త ఎక్కువ వస్తుంది, అంతే. మంచి సమ్మర్ టైర్లు వేస్తే ఒక్క హార్స్ పవర్ పెరగకుండానే కారు వేగం పెరుగుతుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఏడు డిగ్రీల కంటే చలి పడితే సమ్మర్ టైరు రబ్బరు గట్టిబడి పట్టు తగ్గుతుంది. డాలస్‌లో అలాంటి రోజులు కొన్నే. ఆ రోజుల్లో కారు ఇంట్లో పెట్టి పడుకో అన్నాను.

మన ఊళ్లో టైరు కొనేవాళ్లకు ఒక మాట. టైరు పక్కన చిన్న గుండ్రని గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు గాడి లోతు మాత్రం చూసి సంతోషపడతారు. ఎండలో ఏళ్ల తరబడి నిలబడ్డ కారు టైరుకు గాడి నిండుగానే ఉంటుంది, రబ్బరు మాత్రం చెక్కలా అయిపోయి ఉంటుంది. మన రాయలసీమ ఎండకు ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఇక బ్రేకులు. పోయిన సంక్రాంతికి కూతురి పుట్టువెంట్రుకలు తీయించడానికి వాడు కుటుంబంతో తిరుపతి వచ్చాడు. కొండ దిగేటప్పుడు నా పోలో తనే తోలతానన్నాడు, ఇచ్చాను. తిరుమల కొండ మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేసింది. ఇప్పుడు దాన్ని దిగడానికే వాడుతున్నారు. ముప్పై ఆరు మెలి మలుపులు. ఎక్కడానికి వాడే రెండోది 1974లో వచ్చింది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన. అంతకంటే ముందు అలిపిరి చేరితే జరిమానా. "నలభై నిమిషాలా, ఇది పదిహేను నిమిషాల రోడ్డు కదా మామా" అని వాడు మొదటి మలుపు దగ్గరే విసుక్కున్నాడు. నేను ఇంజనీరింగ్‌లో చదివిన ఒకే ఒక్క పనికొచ్చే పాఠం అక్కడే చెప్పాను.

తిరుమలకూ అలిపిరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అంత ఎత్తు నుంచి దిగే బండి పోగొట్టుకోవాల్సిన శక్తి ఎంతంటే, వంద కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడాన్ని వరసగా పద్దెనిమిది సార్లు చేసినంత. బరువు ఎంతైనా ఈ పద్దెనిమిది మారదు, ఎందుకంటే లెక్కలో రెండు వైపులా బరువు కొట్టేసుకుపోతుంది. ఈ శక్తిలో పావు నుంచి మూడో వంతు దాకా టైర్ల దొర్లుడుకే పోతుంది. కొంత ఇంజిన్ తీసుకుంటుంది, అదీ మనం చిన్న గేరులో ఉంటేనే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని ముందు చక్రాల దగ్గరున్న రెండు ఇనప డిస్కులు వేడిగా మార్చుకోవాలి. ఆటోమేటిక్ కారును డి లో పెట్టి, బ్రేకు మీద కాలు ఆనించి దిగేవాళ్లు ఆ ఇంజిన్ వాటాను కూడా బ్రేకులకే అప్పగిస్తారు. సగం కొండ దిగేసరికి వచ్చే కాలిన వాసన అదే.

నలభై నిమిషాల్లో దిగితే ఆ వేడి బయటికి పోవడానికి టైము దొరుకుతుంది. ఇరవై నిమిషాల్లో దిగితే అదే వేడి సగం టైములో పుడుతుంది. ఆ నిబంధన పెట్టింది భక్తుల ప్రాణాల కోసం, బ్రేకుల లెక్క వేసి కాదేమో. లెక్క వేసినా దాదాపు అక్కడికే వచ్చేది.

వేడెక్కితే ఏమవుతుంది? రెండు రకాలుగా దెబ్బ తగులుతుంది. మొదటిది ప్యాడ్ల వల్ల. అవి ఓర్చుకోగల వేడి దాటితే రాపిడి తగ్గిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. రెండోది ఇంకా ప్రమాదం, బ్రేక్ ఆయిల్ మరగడం. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే మన కాలి బలం అంత దూరం పోయి ప్యాడ్లను నొక్కుతుంది. మరిగి ఆవిరి బుడగలు పుడితే అవి నలుగుతాయి. పెడల్ మెత్తబడి నేల దాకా పోతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అదే ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుని పాతబడితే 155కి పడిపోవచ్చు. డాట్ 3 అయితే కొత్తలో 205, పాతబడితే 140. రెండు, మూడేళ్లకోసారి మార్చమని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మార్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే అది మార్చినా కారులో కొత్తగా ఏమీ కనబడదు, వినబడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఏం లేదు.

మా వాడి కారులో ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారో వాడికి తెలియదు. పాత ఓనరుకూ తెలియదు. ఇరవై, ముప్పై డాలర్ల ఆయిలు, ఒక మధ్యాహ్నం పని. హార్స్ పవర్ పెంచాలనుకునే మనిషి దాన్ని పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. నూటికి పోయే కారు నూట ఇరవైకి పోతే వేగం ఇరవై శాతమే పెరిగింది, బ్రేకులు మింగాల్సిన వేడి నలభై నాలుగు శాతం పెరిగింది.

కారును దించే స్ప్రింగుల గురించి మాట్లాడితే కుర్రాళ్లకు కోపం వస్తుంది, ఎందుకంటే అది అందానికి సంబంధించిన విషయం. దించిన కూపే బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. బరువు కిందికి వస్తే మలుపులో ఒరగడం తగ్గుతుందనేది వాళ్ల వాదన. సగమే నిజం. సివిక్‌కు ముందువైపు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఇలాంటి సస్పెన్షన్‌లో కారు ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. కారును రెండంగుళాలు దించితే చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్ములు చక్రం వైపు పైకి లేచి, ఆ రోల్ సెంటర్ రెండంగుళాల కంటే ఎక్కువ కిందికి జారిపోతుంది. బరువు కేంద్రానికీ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. అంటే కారును ఒరగదీసే బలం ఇంకా పెరుగుతుంది. స్ప్రింగు గట్టిది కాబట్టి ఒరగడం బయటికి కనబడదు. దానికి తోడు ఎగుడుదిగుళ్ల మీద స్టీరింగ్ దానంతటదే ఇటూ అటూ లాగడం మొదలవుతుంది. రేసు కార్లు దించేవాళ్లు లోయర్ ఆర్ముల కీళ్లు, స్టీరింగ్ రాడ్ల కోణాలు కూడా మారుస్తారు. మనవాళ్లు స్ప్రింగులు మాత్రం మార్చి, ఊళ్లోకి వస్తూనే మొదటి స్పీడ్ బ్రేకరు మీద ఇంజిన్ కింది ఆయిల్ సంపు రాసుకుంటారు. చిత్తూరు జిల్లాలో ఊరికో రకం స్పీడ్ బ్రేకరు, కొన్నిటికి తెల్ల చార కూడా ఉండదు.

పైగా వాడి కారులో ఉన్నవి ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లు, ఫలానా పొడవు స్ప్రింగుకు సరిపోయేలా చేసినవి. వాటి మీద పొట్టి స్ప్రింగులు వేసి పాడు చేయడం కంటే, అరిగిన బుష్‌లు మార్చి, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ సరిగ్గా చేయించి, వెనక యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా పట్టే కడ్డీ) ఒకటి కొంచెం లావుది వేస్తే చాలు. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. వెనక బార్ లావైతే ఆ జబ్బు తగ్గి కారు చక్కగా తిరుగుతుంది. 19 అంగుళాల చక్రాల గురించి నాకు ఓపిక లేదు. బరువు పెరుగుతుంది, టైరు అంచు పలచబడుతుంది, గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. ఉన్న 18 చాలు.

ఇన్‌టేక్ సంగతి ఇంకా చిన్నది. టర్బో కారులో ఎంత పీడనం కావాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ముందే నిర్ణయించుకుని దాన్ని అందుకునేదాకా టర్బోను తిప్పుతుంది. ఫిల్టర్ డబ్బా మార్చినంత మాత్రాన కొత్తగా ఒరిగేది చాలా తక్కువ. సుయ్యిమనే శబ్దం మాత్రం వస్తుంది. శబ్దం కోసం అయితే శబ్దం కోసమే అని చెప్పి కొనుక్కోవచ్చు, తప్పు లేదు.

డౌన్‌పైప్ దగ్గర మాత్రం నేను ఖచ్చితంగా వద్దన్నాను. ఆ ఇంజిన్‌లో టర్బో దాటగానే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ గొట్టంలోనే ఉంటుంది. అది తీసేసి ఖాళీ గొట్టం వేయడం అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్‌కు విరుద్ధం. డాలస్ కౌంటీలో ఏటా పొగ పరీక్ష కూడా ఉంది. కంప్యూటర్ తగిలిస్తే ఏ సెన్సార్ ఏం చెబుతుందో బయటపడుతుంది.

మన దగ్గర చట్టం ఇంకా గట్టిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్‌ను కొత్తగా రాశారు. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పోలీసులు బుల్లెట్ సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద వేసి తొక్కించే ఫోటోలు పేపర్లో అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాం. కార్ల జోలికి అంతగా రారు, ఎందుకంటే రీమ్యాప్ కంటికి కనబడదు. నాకు మాత్రం అది చూడటమే పని. పాలసీ తీసుకున్నప్పుడు చెప్పని మార్పు బండిలో కనబడితే నా రిపోర్టులో రాయక తప్పదు. నా పోలోకు నేను రీమ్యాప్ చేయించకపోవడానికి అసలు కారణం ఇదే. ఇంకొకరి క్లెయిమ్ మీద ఎర్ర సిరా గీసే మనిషి తన కారులో దొంగ ఫైలు పెట్టుకుని తిరగడం బాగుండదు.

ఇంత వాదించినా వాడి లిస్టులో ఒక వస్తువుకు నేను వెంటనే ఒప్పుకున్నాను. ఇంటర్‌కూలర్. టర్బో గాలిని ఒత్తుతుంది, ఒత్తితే గాలి వేడెక్కుతుంది. బయట నలభై డిగ్రీలున్నప్పుడు ఇరవై పీఎస్‌ఐకి ఒత్తితే, టర్బోలోంచి వచ్చే గాలి 150 డిగ్రీలు దాటిపోతుంది. దాన్ని చల్లబరిచి ఇంజిన్‌కు పంపేదే ఇంటర్‌కూలర్. గాలి చల్లబడకపోతే పెట్రోలు వేళకు ముందే భగ్గుమని ఇంజిన్‌లో టకటక మొదలవుతుంది. ఈసీయూ అది విని స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. పవర్ పడిపోతుంది. డాలస్ ఎండాకాలం మన రేణిగుంట ఎండాకాలానికి ఏమీ తీసిపోదు. అసలు టర్బో లేకపోయినా, 15 డిగ్రీల గాలికీ 42 డిగ్రీల గాలికీ సాంద్రతలో ఎనిమిది శాతానికి పైగా తేడా ఉంది. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే కాగితం మీద పవర్ పెరగకపోవచ్చు, జులై మధ్యాహ్నం మూడోసారి గట్టిగా తొక్కినప్పుడు కూడా మొదటిసారి వచ్చిన పవరే వస్తుంది. నా దృష్టిలో ట్యూనింగ్ అంటే అదే. ఒక్కసారి వచ్చే అంకె కంటే ప్రతిసారీ వచ్చే అంకె ముఖ్యం.

అంకెల సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా. డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) షీటు చూపించి "మా కారు ఇంత" అనేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. చక్రాల దగ్గర కొలిచారా, ఇంజిన్ దగ్గర అంచనా వేశారా? ఏ ఉష్ణోగ్రతకు సవరించారు? ఈ రెండూ మారిస్తే ఒకే కారుకు ఇరవై, ముప్పై హార్స్ పవర్ తేడా చూపించొచ్చు. కంపెనీ చెప్పే అంకె ఇంజిన్ దగ్గరిది, షాపువాడు చూపేది చక్రాల దగ్గరిది, మధ్యలో గేర్‌బాక్స్ తినేది ఎంతో ఎవరికి తోచినంత వాళ్లు కలుపుకుంటారు.

పెట్రోలు అంకెల్లో కూడా ఇలాంటి తికమకే. డాలస్ బంకులో 93 అని రాసి ఉంటుంది, మన బంకుల్లో ఎప్పట్నుంచో చూసిన అంకె 91. తేడా రెండే అనుకుంటాం. అమెరికాలో ఆక్టేన్‌కు, అంటే పెట్రోలు వేళకు ముందే మండకుండా తట్టుకునే గుణానికి, ఉన్న రెండు రకాల కొలతల సగటు రాస్తారు, మనం అందులో పెద్ద అంకెను రాస్తాం. మన లెక్కలో చెబితే వాళ్ల 93 దాదాపు 98 అవుతుంది. మన పాత 91 వాళ్ల లెక్కలో 87, అక్కడ అన్నిటికంటే చవక పెట్రోలు. కాబట్టి అక్కడివాళ్లు రాసిన రీమ్యాప్ ఫైలును ఇక్కడికి తెచ్చి కారులో ఎక్కించే కుర్రాళ్లు ఏ పెట్రోలు కోసం రాసిన ఫైలో ఒకసారి అడిగితే మంచిది. ఇరవై శాతం ఇథనాల్ కలిశాక ఆక్టేన్ పెరిగింది, ఇథనాల్ గాలిని చల్లబరుస్తుంది కూడా. ఆ మేరకు ట్యూనింగ్‌కు లాభమే. మైలేజీ తగ్గిందన్న గొడవ వేరు, దాని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు.

చివరికి రీమ్యాప్. మా వాడు దీని కోసమే ఇంత దూరం ఓపిక పట్టాడు. ఈసీయూలో పీడనం, స్పార్క్ వేళ, పెట్రోలు పాళ్లు, టార్క్ పరిమితి, వీటికి పట్టికలుంటాయి. కంపెనీవాళ్లు అన్ని దేశాల వేడికీ, పెట్రోలుకూ, నిర్లక్ష్యానికీ తట్టుకునేలా కొంత వెనక్కి తగ్గి రాస్తారు. ఆ వెనక్కి తగ్గినదాన్ని ముందుకు జరపడమే రీమ్యాప్. మాయేమీ లేదు, వాళ్లు మన కోసం దాచిపెట్టిన భద్రతలోంచి మనం అప్పు తీసుకుంటున్నాం. ఎంత తీసుకుంటున్నామో తెలిసి తీసుకుంటే ఇబ్బంది లేదు.

వాడి కారుకు రెండు బలహీనతలున్నాయి. ఒకటి క్లచ్. టార్క్ బాగా పెంచిన ఎస్‌ఐలలో కంపెనీ క్లచ్ పై గేర్లలో జారుతుందని ఆ కారు వాడేవాళ్లందరూ చెప్పే మాట. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, వాడి బడ్జెట్‌లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. రెండోది డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో ఇంజిన్లన్నిటికీ ఉన్న జబ్బు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పై గేరులో ఉండి ఒక్కసారిగా పూర్తిగా తొక్కితే, స్పార్క్ రాకముందే సిలిండర్‌లో మంట లేస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగా పైనుంచి పిడుగు పడ్డట్టు ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు వంగిపోయిన ఇంజిన్లున్నాయి. దీన్ని తగ్గించడానికే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ రకం ఇంజిన్ ఆయిల్ వాడమంటారు. మంచి ట్యూనర్ అయితే మూడు వేల లోపు టార్క్ పెంచడు, పైన పెంచుతాడు. చవక ట్యూనర్ కిందే పెంచుతాడు, ఎందుకంటే కొన్నవాడు షాపు నుంచి బయటికి రాగానే వీపు సీటుకు అతుక్కుంటేనే డబ్బులు గిట్టాయనుకుంటాడు.

"అంతా బాగుంది మామా, మరి సరదా ఏది?" అని వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తిన్నని రోడ్డు మీద గుండె జల్లుమనడం అనేది ఒకటుంది, దాన్ని బ్రేక్ ఆయిల్ ఇవ్వదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ సరదా రోడ్డు మీద వెతకొద్దు. మనకైతే తిరుపతి నుంచి మద్రాసు దారిలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్ల చుట్టు, 1990 నుంచి నడుస్తోంది. పొద్దున బయల్దేరితే రెండు, మూడు గంటల్లో చేరొచ్చు. వాడికి ఆస్టిన్‌లో ఫార్ములా వన్ జరిగే సర్క్యూట్ ఉంది. ఇంకా చవగ్గా కావాలంటే ఖాళీ పార్కింగ్ మైదానంలో ప్లాస్టిక్ శంకువులు పెట్టి ఒక్కొక్క కారునే టైము కొలిచి పంపే ఆటోక్రాస్ పోటీలున్నాయి. వాటిలో స్ట్రీట్ తరగతి రూల్స్ చదవమన్నాను. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, ముందో వెనకో ఒక యాంటీ రోల్ బార్ మార్చుకోవచ్చు. పవర్ కోసం రీమ్యాప్ చేయకూడదు. అంటే నా లిస్టు మొత్తం వేసుకుని పోవచ్చు, వాడి లిస్టులో ముఖ్యమైనవి వేసుకుంటే ఆ తరగతిలోంచి బయటికి పంపేస్తారు. ఆ రూల్స్ రాసినవాళ్లు నా బంధువులేమీ కాదు.

ఆ తర్వాత పది రోజులు వాడి నుంచి మెసేజ్ లేదు. మొన్న రాత్రి టైర్ల బిల్లు పంపాడు, నాలుగూ 235/40 ఆర్18 సమ్మర్ టైర్లు. కింద, "ఆటోక్రాస్‌కు పేరిచ్చాను, రీమ్యాప్ మాత్రం క్రిస్మస్‌కు చేయిస్తా, క్లచ్‌కు డబ్బు దాస్తున్నా" అని రాశాడు. ట్యూనర్ పేరు కూడా పంపాడు. మూడు వేల ఆర్‌పీఎం లోపు టార్క్ ఎంత పెడతాడో రాతలో అడిగి పంపమన్నాను. ఇంకా జవాబు రాలేదు.